ప్లానెట్ జూ టండ్రా మ్యాప్‌లో గెస్టులు సగం దారిలోనే ఎందుకు వెళ్ళిపోతున్నారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: జూ కట్టి నడిపే కంప్యూటర్ గేమ్ ప్లానెట్ జూలో టండ్రా (చెట్లు పల్చగా ఉండే మంచు ప్రాంతం) మ్యాప్ మీద పోలార్ బేర్, రెయిన్‌డీర్, ఆర్కిటిక్ వోల్ఫ్‌లతో జూ కట్టారు. జంతువుల వెల్ఫేర్ బాగానే ఉంది. గెస్టులు (ఆటలోని సందర్శకులు) మాత్రం చివరి హ్యాబిటాట్ (జంతువు ఉండే ఆవరణ) దాకా రాకుండానే గేటు వైపు తిరిగిపోతున్నారు. వాళ్ళకి చలేస్తోందేమో, దారి పొడవునా హీటర్లు పెట్టాలా అని అడిగారు.

హీటర్లు పెట్టకండి. ఆ ఆటలో హీటర్లు, కూలర్లు జంతువుల కోసం. ఒక గెస్టు మీద క్లిక్ చేసి ప్యానెల్ చూడండి. ఆకలి, దాహం, టాయిలెట్, ఎనర్జీ, వీటన్నిటి మీదా ఆధారపడిన సంతోషం కనిపిస్తాయి. చలిని కొలిచే బార్ లేదు. దారిలో హీటర్ పెడితే కరెంటు ఖర్చు, మెకానిక్‌కి అదనపు పని తప్ప లాభం ఉండదు.

అయినా మీ అనుమానం పూర్తిగా తప్పు కాదు. చలి ప్రదేశపు జూలో జనం ఎక్కడ అలిసిపోతారు, ఎక్కడ ఆగుతారు అన్నది ఆలోచించి కడితే ఆటలోని ఆ నాలుగు బార్లూ వాటంతటవే సర్దుకుంటాయి. నేను అమెరికా ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటున్నాను. ఇక్కడ జనవరిలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ కిందికి పోవడం మామూలే. పిల్లలు చిన్నవాళ్ళు కాబట్టి చలికాలంలో కూడా మిన్నెసోటా జూకి వెళ్తుంటాం. ఆటలో నా టండ్రా జూ ప్లాన్ మొత్తం అక్కడ చూసినదాన్నిబట్టి వేసుకున్నదే.

మనం హైదరాబాద్ నెహ్రూ జూ పార్క్ లాంటివి చూస్తూ పెరిగాం. అక్కడ సౌకర్యం అంటే నీడ, మంచినీళ్ళు, కూర్చోవడానికి చెట్టు కింద చప్టా. దారి పొడవైనా ఫర్వాలేదు, నీడ ఉంటే చాలు. ఆటలో కూడా మన చేతులు అలాగే పనిచేస్తాయి: వెడల్పాటి దారి, రెండు వైపులా చెట్లు, అక్కడక్కడ బెంచీలు, చివర్లో ఫుడ్ కోర్టు. చలి ప్రదేశంలో లెక్క మారిపోతుంది. ఒక వెచ్చటి గది నుంచి ఇంకో వెచ్చటి గదికి ఎంత దూరం అన్నదే అక్కడ అసలు కొలత. మీ జూని కూడా ఆ కొలతతో ఒకసారి చూడండి.

మిన్నెసోటా జూ 1978లో తెరిచారు. ఏడాది పొడవునా నడుస్తుంది. అందులో ట్రాపిక్స్ ట్రెయిల్ అని పూర్తిగా బిల్డింగ్ లోపలే ఉండే దారి ఒకటి ఉంది. బయట అమూర్ పులులు, రెండు మూపురాల ఒంటెలు, ప్రెవాల్‌స్కీ గుర్రాలు ఉండే నార్తర్న్ ట్రెయిల్ తిరిగి, ముక్కు కొస మొద్దుబారాక ఆ తలుపు తోసుకుని లోపలికి వస్తే ముందు కళ్ళద్దాలు పొగ కమ్మేస్తాయి. ఏమీ కనిపించదు. తలుపు దగ్గరే అందరూ ఆగిపోయి అద్దాలు తుడుచుకోవడం, పిల్లల గ్లవ్స్ పీకడం, జాకెట్ జిప్పులు తీయడం. అక్కడ ఇరుకుగా ఉంటే వెనకవాళ్ళు చలిలో ఇరుక్కుపోతారు. అందుకే నేను ఆటలో ఏ ఇండోర్ బిల్డింగ్ కట్టినా ద్వారం దగ్గర దారిని రెట్టింపు వెడల్పు చేస్తాను. గెస్టుల గుంపు ఆగేది కూడా సరిగ్గా అలాంటి చోటే.

టాయిలెట్ల సంగతి కూడా అక్కడే అర్థమైంది. చలిలో ఎవరికైనా టాయిలెట్ అవసరం తొందరగా వస్తుంది. పైగా ఓవర్‌కోటు, స్నో ప్యాంటు, బూట్లు వేసుకున్న నాలుగేళ్ళ పిల్లని తీసుకెళ్తే బయటికి రావడానికి పది నిమిషాలు పడుతుంది. కాబట్టి చలి జూలో టాయిలెట్లు గేటు దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి అంటే చాలవు. ప్రతి వెచ్చటి ఆగే చోటా ఉండాలి. ఆటలో గెస్టులకు స్నో ప్యాంట్లు విప్పే బాధ లేకపోయినా, టాయిలెట్ బార్ ఖాళీ అయినవాడు మీ పోలార్ బేర్ ముందు నిలబడడు. డొనేషన్ బాక్సులో డబ్బులూ వేయడు.

ఇక మీ సమస్యకి అసలు కారణం ఇదై ఉంటుందని నా అంచనా. టండ్రా జంతువులకి స్థలం చాలా కావాలి. పోలార్ బేర్ హ్యాబిటాట్ ఒక్కటే మ్యాప్‌లో పెద్ద ముక్క మింగేస్తుంది, తోడేళ్ళకి ఇంకొకటి, రెయిన్‌డీర్ మందకి మరొకటి. వాటి చుట్టూ దారి వేస్తే ఉష్ణమండలపు జూలో ఐదారు జంతువులు చూసేంత దూరం నడిచినా ఇక్కడ గెస్టు రెండే చూస్తాడు. ఎనర్జీ అయిపోతుంది, ఆకలేస్తుంది, దగ్గర్లో షాపు ఉండదు. మీకు అది చలిలా కనిపిస్తోంది. నిజానికి అది దూరం. గెస్టుల అవసరాల హీట్‌మ్యాప్‌లు (ఏ అవసరం ఎక్కడ తీరట్లేదో మ్యాప్ మీద రంగుల్లో చూపేవి) ఉంటాయి కదా, ముందు ఎనర్జీది ఆన్ చేయండి, తర్వాత ఆకలిది. ఎర్రబడిన చోటు రెండు హ్యాబిటాట్ల మధ్య ఖాళీ దారి మీదే ఉంటుందని నా నమ్మకం.

దీనికి మంచి మందు జంతువుని గాజు అవతల చలిలో ఉంచి, గెస్టుని ఇవతల వెచ్చగా కూర్చోబెట్టడం. కెనడాలో విన్నిపెగ్ నగరంలో అసినిబోయిన్ పార్క్ జూ ఉంది. ఇక్కణ్ణుంచి కారులో ఏడు గంటల ప్రయాణం. 2014లో అక్కడ జర్నీ టు చర్చిల్ అనే విభాగం తెరిచారు. కెనడా ఉత్తరపు ఊరు చర్చిల్ చుట్టుపక్కల తల్లిని పోగొట్టుకున్న పోలార్ బేర్ పిల్లల్ని తెచ్చి అక్కడ పెంచుతారు. ఆ విభాగంలో టండ్రా గ్రిల్ అనే రెస్టారెంట్ ఉంది. పెద్ద గాజు గోడ అవతల ఎలుగుబంట్లు తిరిగే మైదానం. ఇవతల మీరు సూప్ తాగుతుంటారు. ఒక్క గదిలో ఆకలి, దాహం, అలసట, జంతువుని చూడటం, నాలుగూ తీరిపోతాయి. మేం వెళ్ళిన రోజు చాలాసేపు ఎలుగుబంటి గాజు దగ్గరికి రాలేదు. అయినా ఎవరూ లేచి వెళ్ళలేదు, ఎందుకంటే లోపల వెచ్చగా ఉంది, పిల్లల చేతుల్లో హాట్ చాక్లెట్ ఉంది. బయట రెయిలింగ్ దగ్గరైతే రెండు నిమిషాలు కూడా ఆగేవాళ్ళు కాదు.

దాన్నే ఆటలో కట్టండి. పోలార్ బేర్ హ్యాబిటాట్‌కి ఒక వైపు గోడ తీసేసి గాజు బ్యారియర్ పెట్టండి. దాని ముందు చదరంగా వెడల్పాటి దారి వేసి, పైన కప్పుతో బిల్డింగ్ కట్టి, లోపల ఒక ఫుడ్ షాపు, ఒక డ్రింక్ షాపు, బెంచీలు, పక్కనే టాయిలెట్, గాజు పక్కన డొనేషన్ బాక్సు పెట్టండి. వన్‌వే గ్లాస్ అయితే ఇంకా మంచిది, గుంపు ఎంత పెరిగినా ఎలుగుబంటికి గెస్టుల వల్ల స్ట్రెస్ రాదు. అప్పుడు జంతువుని గాజు దగ్గరికి రప్పించాలి. ఫీడర్లు, ఆటవస్తువులు గాజుకి దగ్గరగా పెడితే అవి వాడుకోవడానికి అది అక్కడికే వస్తుంది. ఈత కొలను కూడా గాజుని ఆనుకునే తవ్వండి. విన్నిపెగ్‌లో నీటి అడుగున గాజు సొరంగం కూడా ఉంది. సీళ్ళు ఒక పక్క, ఎలుగుబంట్లు ఒక పక్క, మధ్యలో పారదర్శకమైన అడ్డు ఉన్నా రెండూ కలిసి ఈదుతున్నట్టే కనిపిస్తాయి. ఆటలో దాన్ని అచ్చంగా కట్టడం శ్రమే గాని, నేల కిందికి దారి దించి గాజు పెట్టుకుంటే దాదాపు అదే అనుభూతి వస్తుంది. ఈ ఒక్క పని కోసం ఒక సాయంత్రం కేటాయించండి, మీకే నచ్చుతుంది.

వెండర్ల (షాపుల్లో అమ్మేవాళ్ళ) గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే టండ్రా జూల్లో దీన్ని ఎవరూ చూసుకోరు. షాపు కట్టగానే గెస్టుల ఆకలి తీరిపోదు. షాపులో మనిషి ఉండాలి. వెండర్ అలిసిపోతే స్టాఫ్ రూమ్‌కి నడిచి వెళ్తాడు. స్టాఫ్ రూమ్ గేటు దగ్గర ఉండి కాఫీ షాపు మ్యాప్ అవతలి చివర ఉంటే, ఆయన వెళ్ళి, విశ్రాంతి తీసుకుని, తిరిగొచ్చేదాకా షాపు మూసే ఉంటుంది. గెస్టులు మూసిన షాపు దాటుకుని ఆకలితోనే వెళ్ళిపోతారు. ఫాస్ట్ ఫార్వర్డ్ ఆపి, ఒకే వెండర్‌ని కెమెరాతో వెంబడించండి. మంచులో ఆ ఒంటరి నడక చూస్తే సమస్య ఎక్కడుందో తెలిసిపోతుంది. ప్రతి వెచ్చటి బిల్డింగ్ వెనక స్టాఫ్ దారి మీద చిన్న స్టాఫ్ రూమ్ ఒకటి పెట్టి, ఆ షాపులకి ఇద్దరేసి వెండర్లని వర్క్ జోన్‌లో (ఫలానా చోటే పనిచేయాలని స్టాఫ్‌కి పెట్టే హద్దు) కట్టేయండి. స్టాఫ్ బిల్డింగులు, ట్రాన్స్‌ఫార్మర్లు గెస్టులకి కనిపిస్తే వాళ్ళ సంతోషం తగ్గుతుంది కాబట్టి మట్టి దిబ్బ, దేవదారు చెట్లు అడ్డం పెట్టండి. టండ్రాలో చెట్లు పల్చగా ఉంటాయి గనక నేను ఎక్కువగా దిబ్బలనే నమ్ముకుంటాను.

కరెంటు మాట కూడా అక్కడే వస్తుంది. చలికి తట్టుకోలేని జంతువులు ఏవైనా పెట్టుంటే వాటి హీటర్లు ట్రాన్స్‌ఫార్మర్ పరిధిలో ఉండాలి. అది పాడైతే హీటర్లు ఆగుతాయి, జంతువులు ఇబ్బంది పడతాయి, వాటిని చూసి గెస్టులూ బాధపడతారు. మెకానిక్‌ని దగ్గర్లో ఉంచండి. నన్నడిగితే టండ్రా మ్యాప్‌లో ఉష్ణమండల జంతువులని ఒకే ఇండోర్ బిల్డింగ్‌లో కుదించి పెట్టడం మేలు, ట్రాపిక్స్ ట్రెయిల్ లాగా. గెస్టులకి మధ్యలో వెచ్చటి మజిలీ, మీకు ఒకే చోట కరెంటు.

అన్నీ గాజు వెనకే పెట్టమనడం లేదు. మంచులో నిలబడి చూడాల్సినవీ ఉంటాయి. జపాన్‌లో హొక్కైడో దీవి మీద అసహికావా ఊళ్ళో అసహియామా జూ ఉంది, ఆ దేశంలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న జూ. చలికాలంలో అక్కడ కింగ్ పెంగ్విన్‌లని మంచు దారి మీద నడిపిస్తారు. వాటికి వ్యాయామం, జనానికి పండగ. 1996లో ఏడాదికి సుమారు 2.6 లక్షల మందే వచ్చిన ఆ జూకి 2006, 2007 నాటికి 30 లక్షలు దాటి వచ్చారు. నడక ఒక్కటే కారణం కాదు, జంతువు సహజంగా ఎలా కదులుతుందో దగ్గరగా చూపించేలా ఎన్‌క్లోజర్లన్నీ తిరిగి కట్టారు. జనం చలిని భరిస్తారు, కాకపోతే దగ్గరగా, కాసేపే చూసే అద్భుతం ఉండాలి. ఆక్వాటిక్ ప్యాక్ (ఆటకి విడిగా కొనే అదనపు భాగం) ఉంటే కింగ్ పెంగ్విన్ మీకూ దొరుకుతుంది. వాటి హ్యాబిటాట్‌ని పొడుగ్గా, సన్నగా చేసి రెండు వైపులా దారి వేయండి. రెండు వెచ్చటి బిల్డింగులని కలిపే దారి అదే అయితే ఖాళీ నడక అనేదే మిగలదు.

దూరం మరీ ఎక్కువైతే రైలు వేయండి. మిన్నెసోటా జూలో 1979 నుంచి 2013 దాకా మోనోరైలు తిరిగేది. మూసిన బోగీల్లో కూర్చుని మంచులో ఉన్న జంతువులని చూసేవారట. నేను వచ్చేసరికి ఆగిపోయింది. ఆ పట్టాల మీదే 2023లో దాదాపు 2 కిలోమీటర్ల ట్రీటాప్ ట్రెయిల్ అనే నడక దారి వేశారు. ఎండాకాలంలో అది నాకు చాలా ఇష్టం, ఫిబ్రవరిలో మాత్రం ఆ గాలికి పిల్లలు ఒప్పుకోరు. ఆటలో కూడా ఎత్తు మీద దారి అందంగా ఉంటుంది గాని, షాపులు, టాయిలెట్లు కింద మిగిలిపోతాయి. ఎక్కడానికి, దిగడానికి దారులు తరచుగా ఇవ్వకపోతే గెస్టులు పైన చిక్కుకున్నట్టే.

కొండ మ్యాప్ అయితే ఇంకో విషయం. డార్జిలింగ్ పద్మజా నాయుడు జూ చూసినవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. సుమారు 7,000 అడుగుల ఎత్తులో, 1958లో పెట్టిన జూ అది. మన హైదరాబాద్‌లో పుట్టి పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా పనిచేసిన పద్మజా నాయుడు పేరే దానికి తర్వాత పెట్టారు. రెడ్ పాండాలకి, మంచు చిరుతలకి పేరున్న చోటు. అక్కడ వాలు దారిలో మనవాళ్ళు ఆయాసపడి ఆగేది మలుపుల దగ్గర. బెంచీ, టీ, టాయిలెట్ ఉండాల్సింది కూడా మలుపు దగ్గరే. రెండు జంతువులూ బేస్ గేమ్‌లోనే ఉన్నాయి కాబట్టి ఇలాంటి కొండ జూ కట్టడానికి ప్యాక్ కూడా అక్కర్లేదు.

ఉన్న జూని కూల్చకండి. పోలార్ బేర్ గాజు గది ఒక్కటి ముందు కట్టి, దాని వెనక స్టాఫ్ రూమ్ పెట్టి, ఆటని కాసేపు నడవనివ్వండి. తర్వాత ఎనర్జీ హీట్‌మ్యాప్‌లో ఎర్రటి ముక్క ఎక్కడికి జరిగిందో చూసి, రెండో గది అక్కడ కట్టండి. మ్యాప్ స్క్రీన్‌షాట్ పెడితే రెండో గది ఎక్కడ బాగుంటుందో చూసి చెప్తాను.