ఆఖరు పిల్ల బక్కగా ఉంటే అది ఆడదేనా?

మీ ఫించ్ పిట్టల గూట్లో ఒక పిల్ల బక్కగా ఉంది, ఆడపిల్ల కాబట్టే తల్లి సరిగ్గా మేపట్లేదా అని అడిగారు. నేనూ సరిగ్గా అలాగే అనుకుని పందెం ఓడిపోయాను.

మూడేళ్ల కిందట చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో ఒక జత జీబ్రా ఫించ్‌లు కొన్నాను. పంజరంలో చిన్న మట్టికుండ కట్టి కొబ్బరి పీచు వేస్తే ఐదు గుడ్లు పెట్టింది, నాలుగు పిల్లలయ్యాయి. రోజూ ఆఫీసుకి బయల్దేరే ముందు ఫోన్ టార్చి వేసి చూసేవాణ్ణి. పిల్లల మెడ చర్మం ఎంత పల్చగా ఉంటుందంటే, తిన్న కొర్రగింజలు లోపల్నుంచి కనిపిస్తాయి. ఎవరికెంత అందిందో అక్కడే తెలిసిపోతుంది. ముందు పుట్టినదాని మెడ పక్కన సంచి ఎప్పుడూ ఉబ్బే ఉండేది. ఆఖరుదానికి నాలుగు గింజలుంటే గొప్ప. పెద్దది కచ్చితంగా మగదే అని మా ఆవిడతో బిర్యానీ పందెం కాశాను. అప్పటికి అన్నిటి ముక్కులూ నలుపే, తేడా తెలీదు. రెండు నెలలయ్యాక, మగవాటికే వచ్చే నారింజ మచ్చలు బుగ్గల మీద తేలింది ఆ బక్కదానికి!

ఒక్క కుండ చూసి సిద్ధాంతం చెప్పకూడదు గానీ, మీ పిల్ల బక్కగా ఉండటానికి ఆఖర్న పుట్టడమే కారణం కావచ్చు.

అలాగని పక్షుల్లో ఆడా మగా తేడా లేదని కాదు. అది మేత కంటే ముందే, గుడ్డు దగ్గరే మొదలవగలదు. మనుషుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తండ్రిని బట్టి, పక్షుల్లో తల్లిని బట్టి. (మా నానమ్మ కోడళ్లని తిట్టిన తిట్లు ఫించ్‌లకైతే సరిగ్గా సరిపోయేవి.) ఒంట్లో సత్తువున్న తల్లికి మగపిల్లలు లాభమని 1973లో ట్రివర్స్, విల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు అన్నారు. న్యూజిలాండ్‌లో కాకాపో చిలుకలకి అదనంగా మేత పెడితే నిజంగానే మగపిల్లలు ఎక్కువయ్యాయి. అసలే ఆడవి తక్కువున్న జాతి, దాంతో మేత పెట్టే పద్ధతే మార్చుకోవాల్సి వచ్చింది.

సీషెల్స్ దీవుల్లో ఉండే సీషెల్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్టది ఇంకో లెక్క. పురుగులు తక్కువగా దొరికే చోట 77 శాతం మగపిల్లలు, బాగా దొరికే చోట 13 శాతమే. వీటిలో కూతుళ్లు పుట్టింట్లోనే ఉండిపోయి తర్వాతి పిల్లల్ని సాకుతాయి. తిండి చాలని చోట అవి అదనపు నోళ్లే కదా.

మీ బక్కదాని సంగతికొస్తే, ఉడికించిన గుడ్డు చిదిమి పొద్దున్నే పెట్టండి, ఎండకి పాడయ్యేలోపు తీసేయండి. మాది దాంతోనే కోలుకుంది.