టెక్ సందేహాలు: త్రీడీ ప్రింట్‌కు ధర కట్టేదెలా?

ప్రశ్న: ఇంట్లోనే త్రీడీ ప్రింటర్ పెట్టుకుని, గృహప్రవేశాలకు తెలుగు అక్షరాల నేమ్‌ప్లేట్లు చేసి ఇస్తున్నాను. గ్రాముకు 4 రూపాయల చొప్పున తీసుకుంటున్నాను. స్లైసర్ (డిజైన్‌ను పొరలుగా విడగొట్టి ప్రింటర్‌కు ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) చూపించే ఖర్చు దానిలో నాలుగో వంతే ఉన్నా, పడిన శ్రమకు తగినంత మిగలడం లేదు. ఎక్కడ పొరపాటు జరుగుతోంది? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ప్రూసాస్లైసర్, బాంబూ స్టూడియో, క్యూరా వంటి స్లైసర్లు మీరు నమోదు చేసిన ఫిలమెంట్ (ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ తీగ) ధరను బట్టి, ఆ ముక్కకు పట్టే ప్లాస్టిక్ ఖరీదును మాత్రమే లెక్కిస్తాయి. ఆ అంకెతో పాటు స్లైసర్ చెప్పే మరో రెండు అంకెలు, అంటే గ్రాములు, గంటలు తీసుకుని మిగతా లెక్క మనమే వేసుకోవాలి.

140 గ్రాముల పీఎల్ఏ (ఒక రకం ప్లాస్టిక్), 7 గంటల సమయం పట్టే నేమ్‌ప్లేట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడి ధరల స్థానంలో మీ బిల్లులలోని అంకెలు వేసుకోండి. ఫిలమెంట్ కిలో 1,000 రూపాయలైతే ప్లాస్టిక్‌కు 140 అవుతుంది. కరెంటు గురించి చాలామంది భయపడతారు గాని, సగటున 120 వాట్ల చొప్పున 7 గంటలకు ఒక యూనిట్ కూడా కాలదు. యూనిట్ 8 రూపాయలనుకున్నా 7 రూపాయలకు మించదు. అసలు బరువు యంత్రం అరుగుదలది. 45,000 రూపాయల ప్రింటర్ 3,000 గంటలు పనిచేస్తుందనుకుంటే గంటకు 15, నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మొన), బెల్టుల వంటి విడిభాగాలకు మరో 5 కలిపి 7 గంటలకు 140 రూపాయలు. ఈ మూడూ కలిస్తే 287.

పదింటిలో ఒక ప్రింట్ పాడవుతుందనుకుంటే, దాని ఖర్చును మిగిలిన తొమ్మిదే మోయాలి. కాబట్టి 287ను 0.9తో భాగించాలి, 319 వస్తుంది. ఆరో గంటలో బెడ్ (ముక్క తయారయ్యే పలక) మీద నుంచి ఊడిపోయిన ముక్కను చెత్తబుట్టలో వేసిన వారెవరికైనా ఈ భాగహారం అనవసరమనిపించదు.

ఇక కూలి. యంత్రం నడిచే 7 గంటలూ మీ పనిగంటలు కావు, కానీ మీ చేతిపని సున్నా కూడా కాదు. డిజైన్‌కు 40 నిమిషాలు, స్లైసింగ్‌కూ బెడ్ సిద్ధం చేయడానికీ 10, సపోర్టులు (ప్రింట్ అయ్యేటప్పుడు ముక్కను నిలబెట్టే తాత్కాలిక ఆధారాలు) తీసి గీకడానికి 25, ప్యాకింగ్‌కు 10, మొత్తం 85 నిమిషాలు. గంటకు 150 రూపాయల చొప్పున 212 రూపాయల 50 పైసలు. తెలుగు నేమ్‌ప్లేట్లకు డిజైన్ సమయాన్ని తక్కువగా అంచనా వేయకండి: కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఒత్తులను విడగొట్టేస్తాయి కనుక పేరును ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో రాసి, పాత్‌గా (అక్షరాలను గీతల ఆకారంగా) మార్చి, ఎస్‌వీజీ ఫైల్‌గా డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకువెళ్లవలసి వస్తుంది. సున్నాలు, ఒత్తులు పక్క అక్షరాన్ని అంటుకోకుండా విడిగా ఉంటాయి కాబట్టి వాటిని కలిపి ఉంచేందుకు వెనుక పలకను గాని, సన్నని వంతెనలను గాని కూడా అమర్చాలి.

అట్టపెట్టెకు 25 కలిపితే మొత్తం ఖర్చు 556 రూపాయల 50 పైసలు. గ్రాముకు 4 చొప్పున 140 గ్రాములకు మీరు తీసుకుంటున్నది 560. అంటే మీ కూలి పోను మిగిలేది మూడున్నర రూపాయలు! 12 గ్రాముల కీచైన్ మీద పేరు వేయించుకునేవారి విషయంలో ఇంకా నష్టం. 48 రూపాయలు వస్తుంది గాని, డిజైన్‌కు అదే 40 నిమిషాలు పడితే ఆ ఒక్క పనికే 100 అవుతుంది. గ్రాముల లెక్క పెద్ద, సాదా ముక్కలకు కొంతవరకు సరిపోతుంది. పేరు మారే ప్రతి పనికీ డిజైన్ రుసుమును విడిగా చెప్పడం మేలు.

అమ్మకం ధరలో 25 శాతం లాభం కావాలంటే ఖర్చును 1.25తో హెచ్చించకూడదు, 0.75తో భాగించాలి. హెచ్చిస్తే 696 వస్తుంది, అందులో లాభం 20 శాతమే. భాగిస్తే 742, 750 అని చెప్పవచ్చు.

ఒకే నమూనాలో 40 ముక్కలు అడిగితే డిజైన్ కూలి 40 భాగాలవుతుంది కాబట్టి ఇదే లెక్కన ముక్కకు 612 చాలు. అయితే ఒక్క ప్రింటర్ మీద అవి 280 గంటలు, అంటే రాత్రింబవళ్లు నడిచినా దాదాపు 12 రోజులు. ముహూర్తం తేదీ అడిగిన తరువాతే అడ్వాన్స్ తీసుకోండి.

ప్రశ్న: సగం వాడిన రీల్‌లో ఇంకెంత ఫిలమెంట్ మిగిలిందో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: వంటింటి డిజిటల్ తూకం చాలు. రీల్‌ను తూచి, అదే కంపెనీ ఖాళీ రీల్ బరువును తీసివేయండి. 1.75 మిల్లీమీటర్ల పీఎల్ఏ మీటరుకు సుమారు 3 గ్రాములు తూగుతుంది కనుక స్లైసర్ మీటర్లలో చెప్పినా పోల్చుకోవచ్చు. ఖాళీ అయిన ప్రతి రీల్‌నూ పారవేసే ముందు తూచి, ఆ బరువును కొత్త రీల్ అంచున మార్కర్‌తో రాసిపెట్టుకోండి.