సబ్‌డివిజన్లకు మనుషుల్ని, బండ్లను పంచేటప్పుడు: కొత్తగా డీఎస్పీ అయిన అమ్మాయికి

తల్లీ,

జిల్లా మొత్తానికి సిబ్బంది, వాహనాలు, ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ప్లాన్ రాసివ్వమని ఎస్పీ గారు నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలామంది ఈ పనిని భాగహారం లెక్క అనుకుంటారు. మూడు సబ్‌డివిజన్లు ఉన్నాయా, ఉన్న బండ్లను మూడు వాటాలు వేసెయ్, ఇన్‌స్పెక్టర్లెవరూ మొహం మాడ్చుకోరు, ఫైలు కదులుతుంది. నువ్వు అలా మాత్రం చేయకు. అందరికీ సమానంగా పంచామంటే ఎక్కడ అవసరమో ఎవరూ చూడలేదనే అర్థం.

ముందు శాంక్షన్డ్ స్ట్రెంగ్త్, అంటే మంజూరైన పోస్టుల కాగితాన్ని పక్కన పెట్టు. దేశం మొత్తం మీదే 2020 జనవరి 1 నాటి బీపీఆర్‌డీ (కేంద్రం నడిపే పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ) లెక్కల ప్రకారం లక్ష మంది జనాభాకు మంజూరైన పోలీసులు 195 మంది అయితే, నిజంగా ఉన్నది 156 దగ్గరే. ఖాళీల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి దాని మీద పేజీలు రాయకు. అసలు చూడాల్సింది ఉన్నవాళ్లు ఎక్కడున్నారన్నది. జీతం ఒక స్టేషన్‌లో తీసుకుంటూ అటాచ్‌మెంట్ మీద ఇంకో ఆఫీసులో ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లు, స్టేషన్‌లో రాతపని చూసే రైటర్లు, కోర్టు డ్యూటీ, సెంట్రీ, సమన్లు తిప్పేవాళ్లు, ఇవన్నీ తీసేస్తే మిగిలేది చూసి నీకే నవ్వొస్తుంది. ప్రతి స్టేషన్ నుంచీ ఒక నెల డ్యూటీ రోస్టర్లు తెప్పించుకుని, స్టేషన్‌లో రోజువారీ జరిగినవన్నీ రాసే జనరల్ డైరీతో సరిచూసి, సాయంత్రం ఏడింటికి రోడ్డు మీద నిజంగా నిలబడిన మనుషులు ఎంతమందో ఒక్క కాలమ్‌లో రాయి. మిగతా ప్లాన్ అంతా ఆ కాలమ్ మీదే కట్టాలి.

ఇన్‌స్పెక్టర్లు నీతో వాదించేది, వాదనలో వాళ్లదే న్యాయమని నీకూ అనిపించేది ఇంకోటి ఉంది. ఒక జంక్షన్‌లో రోజంతా ఒక మనిషి ఉండాలంటే మూడు షిఫ్టులు, ముగ్గురు చాలు అనుకుంటాం. వారానికి ఇరవై ఒక్క షిఫ్టులు. వారాంతపు సెలవు ఇస్తే ఒక్కొక్కరు చేసేవి ఆరు, అంటే అక్కడికే మూడున్నర మంది అయ్యారు. దాని మీద క్యాజువల్ లీవులు, జబ్బులు, కోర్టు, ట్రైనింగ్, బందోబస్తు వేసుకుంటూ పోతే లెక్క ఐదుగురి దాకా వెళ్తుంది. ముగ్గురితో నడిపిస్తున్నామంటే ఆ తేడా వాళ్ల ఒంట్లోంచి లాగుతున్నామన్నమాట. పోలీస్ స్టేషన్లలో ఎనిమిది గంటల షిఫ్టు గురించి 2014లో బీపీఆర్‌డీ చేయించిన అధ్యయనంలో దాదాపు 90 శాతం సిబ్బంది రోజుకి ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారని తేలింది. పన్నెండు గంటలు ఎండలో, పొగలో నిలబడినవాడు చివరి మూడు గంటలు ట్రాఫిక్ ఏం చూస్తాడు, ఫోన్ చూస్తాడు, తప్పు పట్టలేం. పది పాయింట్లు పెట్టి అన్నీ సగం సగం నడపడం కంటే ఆరు పాయింట్లు పెట్టి మనిషి నిలిచేలా చెయ్.

ఇక ఆ ఆరు ఎక్కడ అన్నది. జనాభాను చూసి కాదు, చావుల్ని చూసి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. ఎక్స్‌ప్రెస్‌వేలతో కలిపి జాతీయ రహదారులు మొత్తం రోడ్ల పొడవులో రెండు శాతమే ఉన్నా మరణాల్లో 36 శాతం వాటి మీదే జరిగాయి. నీ జిల్లాలో కూడా టౌన్ సబ్‌డివిజన్‌లో ట్రాఫిక్ కానిస్టేబుళ్లు గుంపుగా ఉంటారు, హైవే పొడుగునా ఉన్న స్టేషన్లో నలుగురు ఉంటారు. ఎందుకంటే టౌన్‌లో జామ్ అయితే ఎమ్మెల్యే గారి దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది, హైవే మీద రాత్రి పూట టూవీలర్ అబ్బాయి పోతే ఎవరూ ఫోన్ చేయరు. మూడేళ్ల ప్రమాదాల ఎఫ్‌ఐఆర్‌లు తీయించి మ్యాప్ మీద చుక్కలు పెట్టు, పక్కన సమయం రాయి. మొత్తం దేశం లెక్కల్లో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య ప్రమాదాలు ఎక్కువ. చాలాచోట్ల మన షిఫ్టు మారేది, ఒకడు బయల్దేరి ఇంకొకడు ఇంకా రానిది కూడా ఆ వేళకే. షిఫ్టు మార్చే టైమ్‌ను నాలుగింటికో పదింటికో జరిపితే పైసా ఖర్చు లేదు, కొత్త పోస్టు అక్కర్లేదు.

చుక్కలు పెట్టాక కొన్ని చోట్ల గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. హైవే మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావులో, తీవ్ర గాయాలో ఉన్న ప్రమాదాలు ఐదు జరిగినా, పదిమంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. అక్కడికి కానిస్టేబుల్‌ని పంపాలనే అనిపిస్తుంది, కానీ సగం చోట్ల కావాల్సింది దీపం, రోడ్డు మధ్య డివైడర్‌ను జనం పగలగొట్టి చేసుకున్న సందు మూయడం, సర్వీస్ రోడ్డు. ఆ జాబితా కలెక్టర్ గారి రోడ్డు భద్రత కమిటీలో పెట్టి హైవే వాళ్ల మెడ మీద కూర్చో.

బండ్ల విషయంలో వాహనాలు చూసే ఎంటీ (మోటార్ ట్రాన్స్‌పోర్ట్) విభాగం ఇచ్చే సంఖ్యను నమ్మకు. బండ్లు లెక్కపెట్టే ముందు డ్రైవర్లను లెక్కపెట్టు. ఒక పెట్రోలింగ్ వాహనం రాత్రింబవళ్లు తిరగాలంటే దానికీ జంక్షన్ లెక్కే, నలుగురైదుగురు డ్రైవర్లు కావాలి, లేకపోతే రాత్రి రెండింటికి అది స్టేషన్ ముందే ఉంటుంది. లాగ్ బుక్కులో కిలోమీటర్లు, డీజిల్ చూడు, షెడ్డులో ఎన్నాళ్లుగా పడి ఉన్నాయో చూడు, ఏ బండి ఏ అధికారి ఇంటి పనులకు తిరుగుతోందో అది కూడా తెలుస్తుంది (దాన్ని కాగితం మీద రాయకు, నోటితో చెప్పు). పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ కావడం లేదు, కాబట్టి పాత జీపులు ప్లాన్‌లో ఉంచుకుని మోసపోకు. టౌన్ సందుల్లోకి బైకులు, హైవేకి వేగం కొలిచే ఇంటర్‌సెప్టర్ వాహనం, ఒక క్రేన్. లారీ బోల్తా పడిన రాత్రి క్రేన్ గంటలోపు రాకపోతే వెనక ఇంకో రెండు ప్రమాదాలు ఖాయం.

ఎన్‌ఫోర్స్‌మెంట్‌లో ఒక్కటే గట్టిగా చెప్తా, చలాన్ల టార్గెట్ పెట్టకు. నెలకి ఇన్ని అన్నావంటే, పొద్దున పదకొండింటికి మెయిన్ రోడ్డు మలుపులో నిలబడి హెల్మెట్ లేనివాళ్ల ఫొటోలు కొట్టి సంఖ్య నింపేస్తారు. సాయంత్రం స్పీడుగా వచ్చేవాణ్ని, తాగి నడిపేవాణ్ని పట్టుకోవడం కష్టం, ఆ కష్టానికి చలాన్ ఒక్కటే వస్తుంది కాబట్టి ఎవరూ పోరు. 2022లో చనిపోయినవాళ్లలో 70 శాతానికి పైగా అతివేగం లెక్కలోనే ఉన్నారు. అందుకని స్పీడ్ గన్, బ్రీత్ అనలైజర్ ఏ గంటల్లో ఏ చోట పనిచేశాయో అడుగు, అవి సరిగ్గా కొలుస్తున్నాయని చెప్పే కాలిబ్రేషన్ సర్టిఫికెట్లు తేదీలతో సహా ఫైల్లో పెట్టించు, కోర్టులో లాయర్ అడిగే మొదటి ప్రశ్న అదే. కెమెరాలు పెడితే కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఏ చదువు, ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలి, ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లో నోటీసు వెళ్లాలి. హోంగార్డుల చేతికి చలాన్ యంత్రం ఇచ్చే ముందు ఆ అధికారం ఏ ర్యాంకు వాళ్లకుందో ప్రభుత్వ నోటిఫికేషన్ చూసుకో.

తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 చివర మరోసారి పెండింగ్ చలాన్లకు రాయితీ ఇచ్చారు, టూవీలర్లకైతే 75, 80 శాతం. వసూలు బాగానే జరిగింది గానీ, ఆగితే తగ్గుతుందని జనానికి నేర్పినట్టయింది. అది నీ చేతుల్లో లేదు, వదిలెయ్. మన వాళ్లు హెల్మెట్ లేకుండా స్టేషన్‌కు రావడం మాత్రం నీ చేతుల్లో ఉంది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 210బీ ప్రకారం చట్టం అమలు చేసే అధికారే తప్పు చేస్తే జరిమానా రెట్టింపు. రోల్‌కాల్‌లో ఆ సెక్షన్ ఒకసారి చదివి వినిపించి, రెండు చలాన్లు మనవాళ్లకే రాయించు, చాలు.

ఒక్క జాగ్రత్త. నీ ప్లాన్ ఎంత బాగున్నా మొదటి వీఐపీ పర్యటనకో, ఎన్నికలకో హైవే టీమ్ మొత్తాన్ని బందోబస్తుకి ఊడ్చుకుపోతారు. అందుకని బందోబస్తు రోజున కూడా ఏ సబ్‌డివిజన్‌లో రోడ్డు మీద కనీసం ఎందరు, ఏ బండి ఉండాలో విడిగా ఒక పేజీ రాసి, దాని మీద ఎస్పీ గారి సంతకం ముందే తీసుకో. రోస్టర్లు వచ్చాక పేర్లు కొట్టేసి నాకోసారి పంపించు, కళ్లద్దాలు మార్పించాను, చదవగలను.

మీ పెదనాన్న