ఎన్‌బీఏ గడప దగ్గర: మీ ప్రశ్న, మా జవాబు

ప్రశ్న: అమెరికాలో ఎన్‌బీఏ (అక్కడి అగ్రశ్రేణి బాస్కెట్‌బాల్ లీగ్)కు కింది మెట్టైన జీ లీగ్‌లో మ్యాచ్‌కు సగటున 20 పాయింట్లు కొట్టేవాళ్లకు కూడా ఎన్‌బీఏ పిలుపు రాదెందుకండీ? వాళ్లు కోచ్‌లు కావచ్చా?

జవాబు: ఎన్‌బీఏ జట్లలో పాయింట్లు కొట్టే తారలు ముందే ఉంటారు. కింది నుంచి పిలిచేది ఖాళీ పూరించడానికి: కోర్టు మూల (కార్నర్) నుంచి మూడు పాయింట్ల షాట్ వేయాలి, ఎదుటివాణ్ణి ఆపాలి. ఎక్కువమంది తడబడేది రెండోదాంట్లోనే. బంతి ఎదుటి జట్టు షూటర్ చేతికి వెళ్లగానే అతని వైపు రెండు పెద్ద అంగలు వేసి, ఆపైన చిన్న చిన్న అడుగులతో వేగం తగ్గించి, చెయ్యి పైకెత్తాలి. చివరిదాకా అదే వేగంతో దూసుకెళ్తే అతను ఒక్క డ్రిబుల్‌తో (బంతిని నేలకు కొట్టి) పక్కనుంచి జారిపోతాడు. స్కౌట్లు (ఆటగాళ్లను వెతికేవాళ్లు) ముందు చూసేది ఆ పాదాలనే.

పిలుపు వచ్చినా అది పది రోజుల ఒప్పందమే కావచ్చు. ఒక సీజన్‌లో ఒకే జట్టుతో అలాంటివి రెండే కుదురుతాయి. తర్వాత సీజన్ చివరిదాకా ఉంచుకోవాలి, లేదా వదిలేయాలి. టూ-వే ఒప్పందమైతే (ఎన్‌బీఏ జట్టుకూ, జీ లీగ్ జట్టుకూ ఆడేది) 50 ఎన్‌బీఏ మ్యాచ్‌ల పరిమితి ఉంది, ప్లేఆఫ్స్‌లో ఆడనివ్వరు. 2022-23లో మామూలు జీ లీగ్ జీతం సీజన్‌కు 40,500 డాలర్లు. అంత కష్టానికి అది తక్కువే.

కోచింగ్‌కు దారి నిజంగానే ఉంది. నిక్ నర్స్ ఇంగ్లండ్‌లోని డెర్బీలో ఆడుతూనే కోచ్‌గా మొదలుపెట్టారు. అప్పట్లో డీ-లీగ్ అనే ఈ జీ లీగ్‌లో 2011లో అయోవా జట్టును, 2013లో రియో గ్రాండే వ్యాలీ జట్టును గెలిపించి, 2019లో టొరంటో జట్టుకు ఎన్‌బీఏ టైటిల్ తెచ్చారు. ఆడే రోజుల్లోనే మ్యాచ్ వీడియోల నుంచి క్లిప్పులు కోయడం నేర్చుకోండి; సహాయక కోచ్‌కు మొదట అప్పగించే పని అదే.