బోటు ఇంజిన్ గంటకు ఎంత తాగుతుందో ముందే లెక్కవేయడం ఎలా?

40 హార్స్‌పవర్ ఇంజిన్ తీసుకోవాలనుకుంటున్నారు. టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్, డీజిల్‌లో ఏది లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అడిగారు. కిలోమీటర్ల లెక్క కాసేపు పక్కన పెట్టండి. అదే ఇంజిన్‌ని ఇంకో బోటుకి బిగిస్తే మైలేజీ మొత్తం మారిపోతుంది. ముందు గంటకు ఎన్ని లీటర్లో తేల్చుకుని, దాన్ని మీ బోటు వేగంతో భాగిస్తే నాటికల్ మైలుకి (సుమారు 1.85 కిలోమీటర్లు) ఎంతో వస్తుంది.

నేను వాడే అంకెలు ఇవి. వాడుకున్న ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు డీజిల్ అయితే 0.2 నుంచి 0.22 లీటర్లు, ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ సుమారు 0.3, కార్బురేటర్ ఉన్న టూ స్ట్రోక్ 0.4 నుంచి 0.5. పాత టూ స్ట్రోక్ ఇంతలా తాగడానికి కారణం ఉంది. ఎగ్జాస్ట్ పోర్టు, అంటే పొగ బయటికి పోయే దారి, తెరిచి ఉండగానే పెట్రోల్, గాలి కలిసిన కొత్త మిశ్రమం లోపలికి వస్తుంది, అందులో కొంత కాలకుండానే బయటికి పోతుంది. పోర్టు మూసుకున్నాక పెట్రోల్ చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టూ స్ట్రోక్‌కి ఈ జబ్బు లేదు, దాన్ని ఫోర్ స్ట్రోక్ పక్కన లెక్కవేయవచ్చు.

'వాడుకున్న' అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. ప్లేటు మీద 40 అని ఉన్నా, ఆ 40 బయటికొచ్చేది ఫుల్ త్రాటిల్‌లోనే. అక్కడ ఫోర్ స్ట్రోక్‌కి 12 లీటర్లు కనీసం అనుకోండి, మిశ్రమంలో పెట్రోల్ పాలు పెరుగుతుంది కాబట్టి 14 కూడా దాటవచ్చు. ప్రొపెల్లర్ అడిగే పవర్ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) ఘనానికి దాదాపు అనుపాతంగా పెరుగుతుంది, అంటే ఆర్‌పీఎం రెట్టింపైతే పవర్ ఎనిమిదింతలు. గరిష్ఠం 5500 అయితే 4400 దగ్గర, అంటే 80 శాతం దగ్గర, పని చేసేది సుమారు 20 హార్స్‌పవరే. 20ని 0.3తో గుణిస్తే గంటకు 6 లీటర్లు. ఆ ఆర్‌పీఎంలో బోటు 12 నాట్లు (గంటకు 12 నాటికల్ మైళ్లు) పోతే నాటికల్ మైలుకి అర లీటరు. బాగా తక్కువ ఆర్‌పీఎంలో మాత్రం పెట్రోల్ ఇంజిన్ హార్స్‌పవర్‌కి 0.3 కన్నా ఎక్కువే తాగుతుంది, అక్కడ ఈ లెక్కని నమ్మకండి.

నీళ్లను చీల్చుకుంటూ నిదానంగా పోయే బోటుకి ఒక హద్దు ఉంది. నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణించండి. 25 అడుగులకు 6.7 నాట్లు. 5 నాట్ల నుంచి అక్కడికి లాగితే గంట ఖర్చు రెండింతలు దాటుతుంది, ఆపైన ఇంకా దారుణం. నీటిపైకి లేచి పోయే ప్లేనింగ్ బోటుకి ముక్కు పైకెత్తి వెనక పెద్ద అల లాగే ఆ మధ్య వేగమే అన్నిటికన్నా నష్టం. దానికి కిందైనా ఉండండి, త్వరగా దాటైనా పొండి.

లెక్క సరే, కొలిచి చూడాల్సిందే. ఔట్‌బోర్డ్‌కి, అంటే బోటు వెనక బయట బిగించే ఇంజిన్‌కి, 5 లీటర్ల పోర్టబుల్ ట్యాంకు చాలు. నింపి తూకం వేయండి, పైపు తగిలించి గాలి మర విప్పండి, పైపు మధ్యలో చేత్తో పెట్రోల్ ఎక్కించే రబ్బరు బల్బుని గట్టిపడేదాకా నొక్కండి. ఇంజిన్ వేడెక్కే పని మామూలు ట్యాంకు మీదే అయిపోవాలి. ఒకే ఆర్‌పీఎంలో పది నిమిషాలు నడిపి మళ్లీ తూకం వేయండి. లీటరు పెట్రోల్ సుమారు 740 గ్రాములు. 740 గ్రాములు తగ్గిందంటే పది నిమిషాలకు లీటరు, గంటకు 6. వేగం జీపీఎస్‌లో ప్రవాహంతో ఒకసారి, ఎదురుగా ఒకసారి చూసి, ఆ రెండు వేగాల సగటు తీసుకోండి. మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగిస్తే తక్కువ వస్తుంది, ఎందుకంటే ఎదురీతలో ఎక్కువసేపు గడుస్తుంది.

డీజిల్‌కి రిటర్న్ పైపు మరిచిపోకండి. ఇంజెక్షన్ పంపు లాగినదంతా కాల్చదు, మిగిలింది ట్యాంకుకి తిరిగి పంపుతుంది. ఇంధన ప్రవాహాన్ని కొలిచే మీటరు వెళ్లే పైపుకి మాత్రమే పెడితే కాలినదానికి ఎన్నో రెట్లు చూపించవచ్చు. వెళ్లే పైపుకి, తిరిగొచ్చే పైపుకి చెరో మీటరు పెట్టి తేడా తీసుకోవాలి. లేదంటే నిలకడైన నీటిలో ఒకే గుర్తుదాకా ట్యాంకు నింపి, పావు ట్యాంకు కాల్చి, అదే గుర్తుదాకా మళ్లీ నింపండి. రెండుసార్లూ మనుషులు, సామాను ఒకేచోట ఉండాలి, బోటు కాస్త ఒరిగినా గుర్తు మోసం చేస్తుంది.

కొలత లెక్కని చాలా మించితే ముందు బోటు అడుగున పాచి, గవ్వలు చూడండి. తర్వాత ఫుల్ త్రాటిల్‌లో ఆర్‌పీఎం చూడండి. కంపెనీ చెప్పిన గరిష్ఠ పరిధికి చేరకపోతే ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకి అది ముందుకు పోవాల్సిన దూరం) ఎక్కువై ఉండవచ్చు, ఇంజిన్ ముక్కుతూ నడుస్తుంది. ఈ రెండూ బాగుంటేనే ఇంజిన్ విప్పే ఆలోచన చేయండి. ప్రయాణానికి మాత్రం వచ్చిన అంకెను అలాగే వాడకుండా, ఇంధనంలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టకుండా ఉంచండి.