కుక్కను రానివ్వలేదు, డబ్బు తిరిగివ్వలేదు: ఏమి చేయాలి?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కావలి. మా ఇంట్లో నాలుగేళ్ల రాట్‌వైలర్ ఉంది. పేరు భైరవ, బరువు 46 కిలోలు. ఇంతవరకు ఎవరినీ కరవలేదు, టీకాలన్నీ వేళకు వేయించాం. గత నెలలో ప్రకాశం జిల్లాలో కొండ పక్కన తోటలో గుడారాలు వేసి నడిపే ఒక విడిదిలో రెండు రాత్రులకు 9,000 రూపాయలు ముందే కట్టాం. ‘పెంపుడు కుక్కను తెస్తున్నాం, ఇబ్బంది లేదు కదా’ అని వాట్సాప్‌లో అడిగితే ‘తప్పకుండా రండి సార్’ అన్నారు. సాయంత్రం గేటు దగ్గరకు చేరాక లోపలి గోడ మీదున్న బోర్డు చూపించారు. రాట్‌వైలర్, పిట్‌బుల్, జర్మన్ షెపర్డ్, ‘ఇతర ప్రమాదకర జాతులు’ నిషేధమట. వీటిని కేంద్ర ప్రభుత్వమే నిషేధించిందని, మేము వెనక్కి వెళితే రద్దు కింద లెక్కేసి డబ్బు వాపసు ఇవ్వబోమని అన్నారు. ‘ఏమి జరిగినా మాదే బాధ్యత’ అని బాండు రాసిస్తే గేటు బయట చెట్టుకు కట్టేసుకోవచ్చన్నారు. రాయకుండా ఆ రాత్రే తిరిగి వచ్చేశాం. అమెరికాలోని విడిదుల్లోనూ ఇలాంటి జాబితాలు ఉంటాయని అక్కడున్న మా అబ్బాయి అంటున్నాడు. జాతి పేరుతో వెలివేయడం రాజ్యాంగ విరుద్ధం కాదా? మా డబ్బు వస్తుందా? ఈ విడిదుల గొడవే లేకుండా మైపాడు ఒడ్డునో నల్లమలలోనో సొంతంగా గుడారం వేసుకుంటే ఎవరైనా అడ్డు చెప్పగలరా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: కాలభైరవుడి వాహనానికి ఆ స్వామి పేరే పెట్టుకున్నారన్నమాట. భైరవకోన ఉన్న ప్రాంతంలోనే ఆ పేరుగల కుక్కకు చోటు దొరకలేదంటే మీకు కష్టంగానే ఉండి ఉంటుంది. అయినా ఉన్నమాట చెబుతాను. ఆ గేటు లోపలికి వెళ్లే హక్కు మీకు లేదు. కానీ మీ 9,000 రూపాయలు ఉంచుకునే హక్కు వారికీ లేదు. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లనే మీకు కోపం ఎక్కువై, దారి కనిపించడం లేదు.

కేంద్రం నిషేధించిందన్న మాట సంగతి ముందు తేలుద్దాం. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వైలర్, కేన్ కోర్సో, డోగో అర్జెంటీనో, రకరకాల మాస్టిఫ్‌లు మొదలైన 23 రకాలను ప్రమాదకరమైనవిగా లెక్కించి, వాటి అమ్మకానికి, పెంపకానికి లైసెన్సులు ఇవ్వవద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని అందులో ఉంది. ఆ లేఖ నెల రోజులు నిలిచిందో లేదో, ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు, 16న ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టివేశాయి. సంబంధిత వర్గాల అభిప్రాయం తీసుకోకుండా ఇలా నిషేధించడం కుదరదన్నది ముఖ్యమైన ఆక్షేపణ. ఆ తీర్పుల మాట ఎలా ఉన్నా, కుక్కను కారులో ఎక్కించుకుని విహారానికి వెళ్లకూడదని ఆ లేఖలో ఎక్కడా లేదు. పైగా జర్మన్ షెపర్డ్ పేరు ఆ 23లో లేనే లేదు. అంటే ఆ బోర్డు రాయించిన పెద్దమనిషి ప్రభుత్వ లేఖను చదవలేదు. ఎక్కడో విన్న పేర్లను పెయింటరుకు చెప్పి రాయించాడు.

మరి చట్టంలో నిషేధం లేనప్పుడు ఆయన ఎలా ఆపగలడు? స్థలం ఆయనది కాబట్టి. ప్రైవేటు తోటలో రాత్రి పది తర్వాత పాటలు వద్దని, వంట చేసుకోవద్దని, కుక్కలు వద్దని ఆయన షరతులు పెట్టుకోవచ్చు. పిల్లలున్న పది కుటుంబాలు గుడ్డ గోడల మధ్య పడుకునే చోట పెద్ద కుక్కల గురించి భయపడటం అన్యాయమేమీ కాదు. నా మటుకు నాకు జాతుల జాబితా తెలివైన పద్ధతిగా తోచదు. పట్టీ కట్టి పట్టుకున్న రాట్‌వైలర్ కన్నా విడిచిపెట్టిన ఊరకుక్కతోనే గుడారంలో పిల్లలకు ముప్పెక్కువ. అయితే తెలివితక్కువ షరతు పెట్టినంత మాత్రాన అది చట్టవిరుద్ధం కాదు.

ఇక రాజ్యాంగం. 15వ అధికరణం జాతి మాట ఎత్తుతుంది నిజమే. దుకాణాలు, హోటళ్లలో ప్రవేశానికి ఆ కారణంగా అడ్డు చెప్పకూడదని కూడా అంటుంది. కానీ ఆ రక్షణ పౌరులకు. మనుషుల విషయంలోనూ కుక్కల విషయంలోనూ తెలుగులో ఒకే ‘జాతి’ ఉండటంతో వచ్చిన చిక్కు ఇది. కోర్టులో ఈ వాదన ఎత్తితే జడ్జిగారు నవ్వుతారు, ఖర్చు మీకు మిగులుతుంది. అలాగే పెద్ద కుక్క అన్న కారణంతో పెంచుకోవద్దనడం కుదరదని జంతు సంక్షేమ మండలి ఇచ్చిన మార్గదర్శకాలను కొందరు చూపిస్తుంటారు. అవి అపార్టుమెంట్లలో, కాలనీల్లో నివాసం ఉండేవారికి వర్తించేవి. రెండు రాత్రుల అతిథికి అక్కరకు రావు.

మీ అబ్బాయి చెప్పింది నిజం. అమెరికాలో చాలా ప్రైవేటు విడిదులు ఇలాంటి జాబితాలు పెట్టుకుంటాయి, వాటి వెనుక తరచుగా బీమా కంపెనీ ఉంటుంది. ఫలానా జాతి కరిస్తే పరిహారం మేము కట్టం అని కంపెనీ ముందే చెబుతుంది, విడిది యజమాని ఆ పేర్లనే గేటుకు తగిలిస్తాడు. అదే దేశంలో జాతీయ ఉద్యానాల నిబంధన జాతి జోలికి పోదు. కుక్కను తీసుకెళ్లనిచ్చే చోట ఆరు అడుగులకు మించని పట్టీతో పట్టుకోవాలంటుంది, అంతే. దివ్యాంగులకు సాయపడేలా శిక్షణ పొందిన కుక్కనైతే జాతి పేరుతో ఆపడానికే వీల్లేదు. అక్కడి జాబితాను మనవారు తెచ్చుకున్నారు గానీ, దాన్ని డబ్బు తీసుకునే ముందే చూపించాలన్న ఇంగితాన్ని తెచ్చుకోలేదు.

మీ కేసు బలమంతా అక్కడే ఉంది. గోడ మీద, అదీ గేటు లోపలి గోడ మీద ఉన్న షరతు, మీరు డబ్బు కట్టినప్పుడు మీకు తెలియని షరతు. ఒప్పందం కుదిరాక ఒక పక్షం సొంతంగా చేర్చిన షరతు రెండో పక్షాన్ని కట్టిపడేయదు. ‘ఇతర ప్రమాదకర జాతులు’ అన్న మాటకైతే అర్థమే లేదు. ఇలాంటి అస్పష్టమైన మాటలను రాసినవారికి వ్యతిరేకంగానే అన్వయించడం కోర్టుల పద్ధతి.

అవతలివారి వాదన కూడా నేనే చెబుతాను, వినండి. మీరు ‘పెంపుడు కుక్క’ అన్నారే గానీ రాట్‌వైలర్ అనలేదు, 46 కిలోలు అనలేదు. ఆయన ఏ పొమరేనియన్‌నో ఊహించుకుని రమ్మన్నాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 13వ సెక్షను ప్రకారం ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో అంగీకరిస్తేనే అది సమ్మతి. మన మధ్య అసలు సమ్మతే లేదు, ఒప్పందమే లేదు అని ఆయన లాయరు అంటాడు. అనడం మంచిదే. ఎందుకంటే ఒప్పందం చెల్లదని తేలితే దాని కింద పుచ్చుకున్న లాభాన్ని తిరిగివ్వాలని అదే చట్టం 65వ సెక్షను చెబుతోంది. ఒప్పందం ఉందంటే దాన్ని తప్పింది ఆయన. లేదంటే డబ్బు ఉంచుకోవడానికి ఆధారం లేదు. ఎటు తిరిగినా మీ 9,000 ఆయన దగ్గర ఆగకూడదు. ‘రద్దుకు వాపసు లేదు’ అన్న మాటా ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే రద్దు చేసింది మీరు కాదు.

జాతి, బరువు చెప్పకపోవడం మీ పొరపాటు అన్న సంగతి మాత్రం మరిచిపోవద్దు. ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ దాన్ని గమనిస్తుంది. అసలు సొమ్ము పోదు గానీ, మనోవేదన కింద అడిగే పరిహారం తగ్గవచ్చు. ఇకమీదట ఎక్కడ బుక్ చేసినా కుక్క ఫోటో, జాతి, బరువు, టీకాల పుస్తకం ముందే పంపి, జాతి పేరు రాసి ఉన్న జవాబు తీసుకున్నాకే డబ్బు కట్టండి.

ఫిర్యాదు ప్రకాశం జిల్లాలోనే వేయాలేమో అనుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్ ముందే వేయవచ్చు. ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. 5 లక్షల రూపాయల లోపు చెల్లింపుల వివాదానికి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, ఈ మాట లాయరే చెబుతున్నాడు. మొదట రిజిస్ట్రేషనుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజుల గడువు ఇవ్వండి. 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయించండి. ఇంత చిన్న మొత్తాలు చాలాసార్లు ఆ దశలోనే తిరిగి వస్తాయి. ఫిర్యాదు రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వాపసు షరతును ‘అన్యాయమైన కాంట్రాక్టు’ అని పేరు పెట్టి రాస్తే, ఆ తరహా ఫిర్యాదులు రాష్ట్ర కమిషన్ పరిధిలోవి అంటూ అవతలివారు అడ్డం తిరుగుతారు. ‘సేవా లోపం’, ‘అనుచిత వ్యాపార పద్ధతి’ అని రాయండి. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, వాయిదాల క్యాలెండరు మాత్రం ఆ చట్టాన్ని చదవలేదు.

వాట్సాప్ సంభాషణను చెరిపేయవద్దు, ఆ ఫోను మార్చవద్దు. స్క్రీన్‌షాట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే ధ్రువపత్రం జతచేస్తే అభ్యంతరాలు తగ్గుతాయి. గేటు దగ్గర ఆ బోర్డును ఫోటో తీసి ఉంటే మరీ మంచిది.

ఆ బాండు మీద సంతకం పెట్టకపోవడం మీరు చేసిన మంచి పని. అలాంటి కాగితం మీకూ ఆయనకూ మధ్యనే ఉంటుంది. కరిపించుకున్న మూడో మనిషి దానికి కట్టుబడడు. మీ ఇద్దరి మీదా నష్టపరిహారం దావా వేయగలడు. పైగా ‘ఏమి జరిగినా’ అని రాసిస్తే, ప్రమాదం గురించి మీకు ముందే తెలుసని మీ చేతులతో మీరే సాక్ష్యం ఇచ్చినట్టు. జంతువును అదుపులో ఉంచడంలో నిర్లక్ష్యం చూపితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. గాయం తీవ్రమైతే 125వ సెక్షను తోడవుతుంది, అప్పుడు శిక్ష మూడేళ్ల దాకా వెళుతుంది. ఈ సెక్షన్లలో ఎక్కడా జాతి పేరు లేదు. భైరవ ఇంతవరకు ఎవరినీ కరవలేదన్నది మీకు అనుకూలమే. కానీ కొత్త చోటు, కొత్త మనుషులు, రాత్రి చలిమంట, మాంసం వాసన ఇవన్నీ కావలిలోని మీ పెరడు కాదు. పొట్టి పట్టీతో పాటు మూతికి చిక్కం కూడా దగ్గర ఉంచుకోండి. ఎద్దుకు కట్టే చిక్కాన్ని ఎవరూ తప్పుపట్టరు, కుక్కకు కడితే మాత్రం యజమానులు చిన్నబుచ్చుకుంటారెందుకో. అయినా పంటి గాటు పడితే వాదనకు దిగకుండా ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ మనిషిని మీరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. టీకాల పుస్తకం వెంట ఉండాలి.

మిగిలింది సొంత గుడారం సంగతి. మైపాడు ఒడ్డున రాట్‌వైలర్ నడవకూడదన్న చట్టం ఏదీ నాకు కనిపించలేదు. అయితే తీరం ప్రభుత్వ భూమి. రాత్రి అక్కడ బస చేయవద్దని పోలీసులు చెబితే లేచి రావలసిందే. ముందే స్టేషనులో ఒక మాట చెప్పి వెళ్లడం తెలివైన పని. నేను ఎక్కువగా భయపడేది మరొకందుకు. చలికాలం చివర, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా, మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గుంటలో వంద దాకా ఉంటాయి. కుక్క ముక్కుకు ఆ వాసన ఇట్టే అందుతుంది, తవ్వడం దానికి ఆట. ఆలివ్ రిడ్లీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి. ఆ చట్టంలో ‘వేట’ అంటే తుపాకీ ఒక్కటే కాదు, సరీసృపాల గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా. శిక్ష కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఏడేళ్లు, జరిమానా 25,000కు తగ్గదు. ‘తవ్వింది కుక్క, నేను కాదు’ అన్న వాదన వినిపించమని నా దగ్గరకు వస్తే ఫీజు తీసుకుంటాను గానీ నమ్మకం మాత్రం ఇవ్వలేను. ఆ నెలల్లో రాత్రిపూట పట్టీ విప్పవద్దు.

నల్లమల ఆలోచన పూర్తిగా వదులుకోండి. ఆ అడవుల్లో చాలా భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. నెల్లూరు వైపు పెంచలకోన అడవులూ అభయారణ్యమే. అనుమతి పత్రం లేకుండా అడుగుపెట్టడమే నేరం. ఆ అనుమతి మనుషుల పర్యటనకు ఇస్తారు, అందులో భైరవ పేరు ఉండదు. కుక్క ఒక దుప్పిని తరిమినా చాలు, తరమడం కూడా వేట నిర్వచనంలో ఉంది కాబట్టి తగువు మీ మెడకు చుట్టుకుంటుంది. కుక్కల నుంచి అడవి జంతువులకు రోగాలు అంటుకునే ప్రమాదం మరొకటి. 2018లో గిర్ సింహాలను చంపిన డిస్టెంపర్ కుక్కల్లో కనిపించే జబ్బే. ఇక గుడారం బయట కట్టేసిన కుక్క కోసం చిరుత ఎంత దూరం వస్తుందో దోర్నాల వైపు ఊళ్లవారిని అడిగితే చెబుతారు. అక్కడ 46 కిలోల బరువు భైరవకు రక్ష కాదు.