నాన్నకి 68, షుగర్ ఉంది: 70 నిండేదాకా ఆగాలా, ఇప్పుడే హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోవాలా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి 68, పదేళ్లుగా షుగర్, బీపీ, ఉంటున్నది విజయవాడలో. కొత్త రూల్స్ వచ్చాయి కదా, ఇప్పుడు ప్రైవేట్ పాలసీ తీసుకోవాలా, లేక రెండేళ్లు ఆగితే 70 ఏళ్లవాళ్లకి ఆస్పత్రి ఖర్చు కోసం ప్రభుత్వం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు వస్తుంది కాబట్టి దాంతో సరిపెట్టుకోవచ్చా అని.

ఆగకండి. ఇప్పుడే తీసుకోండి, 70 నిండగానే ఆ కార్డూ చేయించండి. ప్రైవేట్ పాలసీ ఉన్నవాళ్లకి కూడా కార్డు ఇస్తారు, కాబట్టి ఒకటి ఉంటే రెండోది పోతుందన్న భయం అక్కర్లేదు.

ముందునుంచి ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి క్లెయిమ్ ఇవ్వని గడువు, పాలసీ మొదలైన రోజు నుంచే లెక్క. అది నాలుగేళ్ల దాకా ఉండేది, 2024 ఏప్రిల్‌లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద నిఘా ఉంచే ఐఆర్‌డీఏఐ మూడేళ్లకి మించకూడదంది. నాన్నగారు ఇప్పుడు చేరితే 71కల్లా ఆ గడువు అయిపోతుంది, 70కి చేరితే 73. షుగర్ ఉన్న మనిషికి ఆ రెండేళ్లు చాలా ఎక్కువ, ఎందుకంటే కిడ్నీ సమస్య వచ్చినా, గుండె నొప్పి వచ్చినా, కాలి మీద పుండు మానకపోయినా కంపెనీ ముందు చూసేది దానికి షుగర్‌తో సంబంధం ఉందా అనే.

65 దాటితే ఇవ్వరని మీ ఏజెంటు చెప్పింది పాత మాట. అంతకుముందు కనీసం 65 దాకా ఇవ్వాలి, ఆపైన కంపెనీ ఇష్టం అన్నట్టు ఉండేది. 2024లో ఆ వయసు లెక్క తీసేసి, అన్ని వయసులవాళ్లకీ పాలసీలు ఉండాలన్నారు. అయితే దరఖాస్తు పెట్టిన ప్రతి ఒక్కరికీ ఇచ్చి తీరాలని మాత్రం ఎక్కడా లేదు, ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. మా అమ్మకి తీసుకున్నప్పుడు షుగర్, క్రియాటినిన్, ఈసీజీ అన్నీ చేయించి, ప్రీమియం మీద లోడింగ్ (జబ్బు ఉందని వేసే అదనపు మొత్తం) వేసి, పైగా 20 శాతం కో-పే (క్లెయిమ్‌లో మన వాటా) పెట్టి ఇచ్చారు. అంటే 3 లక్షల క్లెయిమ్ పాసైతే అందులో 60 వేలు మన జేబులోంచే. మీకూ దాదాపు ఇలాగే రావచ్చు, ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీలో అడగండి, వదిలేయకండి.

ఖర్చు సంగతికొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. 40 వేల ప్రీమియానికి ఇంతకుముందు 47,200 కట్టేవాళ్లం, ఇప్పుడు 40 వేలే. ఆఫీసువాళ్లు ఇచ్చే గ్రూప్ పాలసీలకి ఇది వర్తించదు. ఇంకోటి, 60 దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే ముందు ఐఆర్‌డీఏఐతో మాట్లాడాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. దానికి ముందు ఒక ఏడాది అమ్మ రెన్యువల్ నోటీసు చూసి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది, పాలసీ మానేద్దామా అనేదాకా వెళ్లాం. అందుకే ఈ రూల్ విలువ నాకు బాగా తెలుసు.

జీఎస్టీలో మిగిలిన ఆ 7,200ని రూమ్ రెంట్ లిమిట్ లేని పాలసీకి పెట్టండి. ఈ ఒక్కటీ గట్టిగా చెప్తున్నా. అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు 5 లక్షల పాలసీ, రూమ్ రెంట్ లిమిట్ రోజుకి అందులో 1 శాతం, అంటే 5 వేలు. ట్విన్ షేరింగ్ ఖాళీ లేదని ఆస్పత్రివాళ్లు 8 వేల సింగిల్ రూమ్ ఇచ్చారు. రోజుకి ఆ 3 వేల తేడాయే కదా పడేది అనుకుంటాం, కానీ సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ అన్నీ అదే నిష్పత్తిలో కోస్తారు. ఆ పద్దులు 96 వేలైతే కంపెనీ లెక్కలో 60 వేలే పాసయ్యాయి, 36 వేలు మేం కట్టాం. మందులు, ఇంప్లాంట్లు, టెస్టుల మీద అలా కోయకూడదని రూల్ ఉంది. మా బిల్లులో మందుల మీద కూడా కోశారు, ఆ రూల్ చూపించి మెయిల్ పెడితే ఆ భాగం వెనక్కి ఇచ్చారు. కాబట్టి సెటిల్‌మెంట్ లెటర్ పద్దు పద్దుగా చదవండి.

క్యాష్‌లెస్‌కి (బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడానికి) అడిగితే గంటలో జవాబు, డిశ్చార్జ్ బిల్లుకి మూడు గంటల్లో అనుమతి ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024 మే సర్క్యులర్‌లో ఉంది, మూడు గంటలు దాటి ఆస్పత్రి అదనంగా వేస్తే ఆ డబ్బు కంపెనీయే కట్టాలి. కౌంటర్ దగ్గర ఈ మాట అడగడానికి మొహమాటపడకండి.

70 కార్డు విషయం. ఆయుష్మాన్ వయ వందన అని 2024 అక్టోబర్ 29న మొదలైంది, ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా, పాత జబ్బులకీ మొదటి రోజు నుంచే. ఓపీలో చూపించుకుని కొనే మందులకి రాదు, ఆస్పత్రిలో చేరితేనే. వయసు ఆధార్ ప్రకారం చూస్తారు. మన పెద్దవాళ్ల ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని, ఏడాది అటూఇటూగా ఉండటం మామూలే, ఇప్పుడే తీసి చూసుకోండి, దిద్దించడానికి టైమ్ పడుతుంది. ఈలోగా ఏపీ ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవకి అర్హత ఉందేమో సచివాలయంలో అడగండి. ప్రభుత్వ పథకాల బకాయిలు పేరుకుపోయాయని ప్రైవేట్ ఆస్పత్రులు సేవలు ఆపేసిన రోజులు రెండు రాష్ట్రాల్లోనూ చూశాం, అందుకే కార్డు ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటున్నా. ఏ ఆస్పత్రికి వెళ్లాలనుకుంటున్నారో అక్కడికి ముందే ఫోన్ చేసి, ఆ కార్డు మీద చేర్చుకుంటున్నారో లేదో కనుక్కోండి.

ప్రైవేట్ పాలసీకి ఇచ్చే ప్రపోజల్ ఫారం (దరఖాస్తు) మాత్రం ఏజెంటుకి వదలకండి, మీరే నింపండి. షుగర్ ఎప్పటినుంచి, ఏ మాత్రలు, ఎప్పుడైనా ఆస్పత్రిలో చేరారా, అన్నీ రాయండి. ఐదేళ్లు ఆపకుండా కడితే ఆ తర్వాత మోసం రుజువైతే తప్ప దాచారన్న పేరుతో క్లెయిమ్ కొట్టేయలేరు, కానీ ఆ ఐదేళ్లలోపు అన్నీ తవ్వుతారు. నింపిన ఫారం కాపీ, నాన్నగారి పాత ప్రిస్క్రిప్షన్లు ఒకే ఫైల్లో పెట్టుకోండి. క్లెయిమ్ కాదంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, నెలలో తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

కొటేషన్లు వచ్చాక కో-పే, రూమ్ రెంట్ వివరాలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.